గంట మోగకముందే

కాంతమ్మ పందొమ్మిదేళ్ళుగా బాస్కెట్‌బాల్ ఆటను వింటూ వచ్చింది. ఒక్క ఆటనూ చూసి ఎరుగదు.

అమలాపురంలో ఆమె అటెండరుగా పనిచేసే కళాశాలకు ఏటా మాఘమాసంలో మూడు రోజుల ఉత్సవం ఒకటి వస్తుంది. చుట్టుపక్కల జిల్లాల నుండి ఏడు కళాశాలల ఆడపిల్లల జట్లు వచ్చి దిగుతాయి, ఈ ఊరి జట్టుతో కలిపి ఎనిమిది. ఓడిన జట్టు ఆ పూటే బస్సెక్కవలసిందే. గెలిచిన జట్టుకు మరునాటి వరకే ఆయుర్దాయం. తొలినాడు నాలుగు ఆటలు, మలినాడు రెండు, మూడవనాడు ఒక్కటి. ఆ మూడు రోజులూ ఊరిలో సగం ఆ సిమెంటు కోర్టు చుట్టూనే ఉంటుంది. కోర్టు అంచున చోటు దొరకని వాళ్ళు ప్రహరీ గోడలెక్కుతారు, గోడ దొరకని వాళ్ళు సైకిలు క్యారేజీల మీద నిలబడతారు. బంతి వలలో పడితే లేచే కేక కాలువ దాటి, అవతలి కొబ్బరితోటల్లో పక్షులను లేపుతుంది.

ఆ కేకకూ కాంతమ్మకూ నడుమ ఒక చెక్కగోడ ఉండేది. అదే స్కోరుబోర్డు. కోర్టుకు తూర్పు కొసన రెండు తాటి దూలాల మీద నిలబెట్టిన ఆకుపచ్చ రంగు బోర్డు అది. దానికి నాలుగు చదరపు కిటికీలు. ఎడమ రెండూ ఆతిథ్యం ఇచ్చే జట్టుకు, కుడి రెండూ వచ్చిన జట్టుకు. వెనుక ఒక పొడవాటి బల్ల. ఆ బల్ల మీద నిలబడి, సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు రాసిన రేకులను ఆ కిటికీలలోని కొక్కేలకు తగిలించడం కాంతమ్మ పని. రేకు తగిలిస్తే కిటికీ మూసుకుపోతుంది. నాలుగు కిటికీలూ మూసుకుంటే ఆమెకు ఎదుట కనిపించేది మేకుల తలలు మాత్రమే.

మరి ఎవరు ఎన్ని పాయింట్లు సాధించారో ఆమెకు ఎలా తెలుస్తుంది? అది భీమరాజు గారి తెలివి. ఆ కళాశాలకు ఫిజికల్ డైరెక్టరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి, పదవీ విరమణ చేసిన మరుసటేడే కాలం చేసిన మనిషి ఆయన. స్కోరు రాసేవారి బల్ల నుండి బోర్డు దాకా, కుర్చీల కిందుగా రెండు కొబ్బరితాళ్ళు లాగించి, ఒకదాని కొసన పెద్ద గంట, రెండవదాని కొసన ఎద్దు మెడలో కట్టే చిన్న గంట కట్టించారు. పెద్ద గంట మనవాళ్ళది, చిన్న గంట వచ్చినవాళ్ళది. ఎన్ని పాయింట్లయితే అన్ని మోతలు.

ఆ తాళ్ళ కోసమే ఆయన అంబాజీపేట దగ్గర పల్లెకు వెళ్ళి, పీచు పేనే పాకలో కాంతమ్మను చూశారు. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. పాకలో పదిమంది ఆడవాళ్ళు కబుర్లాడుతూ పేనుతుంటే, ఆమె ఒక్కతే ఓ మూల కూర్చుని మాట్లాడకుండా పేనుతోంది. ఆమె తాడు మిగిలిన తాళ్ళకంటె నున్నగా, ఒకే లావున వస్తోంది.

"నీకు చెవులు బాగా వినపడతాయా అమ్మా?" అని అడిగారట ఆయన.

"వినపడతాయండి, ఆయ్."

"లెక్కలొచ్చా?"

"పది దాకా వచ్చండి."

"చాలు. నా బోర్డు మీద తొమ్మిదికి మించిన అంకె లేదు."

అలా ఆమె తాడుతోపాటే కళాశాలకు వచ్చింది. మిగిలిన రోజుల్లో గదులు ఊడ్చడం, తరగతి తరగతికీ వరండాలోని ఇనుప గంట కొట్టడం, కాగితాలు మోయడం. మాఘమాసంలో మూడు రోజులు బోర్డు వెనుక. భీమరాజు గారు ఆమెకు నేర్పిన నియమం ఒక్కటే: "జనం అరిచినా, ఈల మోగినా, సాక్షాత్తూ స్వామివారు దిగివచ్చి చెప్పినా నీ చెయ్యి కదలకూడదు. గంట మోగితేనే కదలాలి." ఆమె దానిని ఉపదేశమంత్రంలా పుచ్చుకుంది. పందొమ్మిది మాఘాలలో ఒక్క రేకూ ముందు పడలేదు, ఒక్కటీ వెనుక పడలేదు.

చూడకుండా వినడం ఆమెకు అంతకుముందే అలవాటైన విద్య. పెళ్ళయిన నాలుగవ ఏట భర్త నాగబాబు మస్కట్ వెళ్ళాడు. తొలి రెండేళ్ళు ప్రతి శుక్రవారం వీధి చివరి ఫోను దుకాణానికి అతని గొంతు వచ్చేది. ఆ గొంతు వెనుక వినిపించే చప్పుళ్ళను బట్టి అతడు గదిలో ఉన్నాడో, వంటసాలలో ఉన్నాడో, ఒంటరిగా ఉన్నాడో, పక్కన ఎవరైనా ఉన్నారో ఆమె పోల్చుకునేది. మూడవ ఏట ఆ గొంతు వెనుక గాజుల చప్పుడు వినిపించింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తరువాత ఫోన్లు నెలకొకటయ్యాయి, ఆపై పండక్కొకటి, ఆపై లేవు. ఊరివాళ్ళ మాట మీద ఆమె వాడపల్లి గుడికి వెళ్ళి ఏడు శనివారాల మొక్కు తీర్చింది. పొట్టి మనిషి కావడంచేత ఆ జనసమ్మర్దంలో ఒక్క వారమైనా స్వామి రూపం నిండుగా కనిపించలేదు. హారతి గంట మాత్రం ఏడు వారాలూ విన్నది. భక్తి తొమ్మిది విధాలని, వాటిలో మొదటిది వినడమేనని పెద్దల మాట. ఆ తొమ్మిదింటిలో చూడడమన్నది ఎక్కడా లేదు. అది తెలియకపోయినా కాంతమ్మ తనకు లేనిదానికి చింతించలేదు. పిల్లలు లేరు. కాలువగట్టున ఒంటిగది ఇల్లు. రేడియో పెడితే మనిషి ఉన్నట్టుంటుందని రేడియో పెట్టుకునేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

మూడేళ్ళ కిందట ఆమె ఉదయాల్లోకి ఒక చప్పుడు వచ్చింది.

తెల్లవారి ఆరు గంటలకు ఆమె వరండాలు ఊడుస్తుంటే కోర్టులో ఎవరో ఒంటరిగా బంతి కొట్టేవారు. రెండు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ, ఆపై ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం. ఆ తరువాత ఇనుప వలయానికి తగిలితే ఠంగుమనేది. తగలకుండా వలలోంచి జారితే, పట్టుచీర మడత విప్పినట్టు చిన్న సవ్వడి వచ్చేది. రాజోలు దగ్గర నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల, పేరు శారోన్ అని తరువాత తెలిసింది. తండ్రి సీమోను గారు బడిపంతులు. వరండాకూ కోర్టుకూ నడుమ సైన్సు భవనం అడ్డు. కాంతమ్మ చీపురు ఆపి వినేది. పది వేస్తే ఎన్ని పడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. మొదటి ఏడు పదికి నాలుగు, మూడవ ఏటికి పదికి ఎనిమిది. ఆ పిల్ల అటుగా వచ్చినప్పుడు "ఇవేళ ఎనిమిది పడ్డాయి కదమ్మా" అనేది. శారోన్ విస్తుపోయి, "మీకెలా తెలుసండీ పిన్నిగారూ?" అనేది. కాంతమ్మ నవ్వి ఊరుకునేది. రోజు మొత్తం మీద ఆమె ఎవరితోనైనా మాట్లాడే సొంతమాట అదొక్కటే.

ఈ ఏడు మాఘమాసానికి కొత్త బోర్డు వచ్చింది. ఎర్రటి అంకెలు వాటంతటవే వెలిగే విద్యుత్తు బోర్డు. పాతబోర్డు దూలాలను పీకడం దండగని కొత్తదాన్ని దాని పక్కనే గోడకు బిగించారు. కొత్త ఫిజికల్ డైరెక్టరు అనిల్ కుమార్, ముప్పై దాటని ఉత్సాహవంతుడు, స్వయంగా వచ్చి కాంతమ్మకు చెప్పాడు.

"ఇంక మీకు ఆ బల్లెక్కే బాధ లేదండీ. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. దర్జాగా కూచుని చూడండి. వచ్చే ఏడాది రిటైరైపోతారు కదా, ఒక్కసారైనా చూడకపోతే ఎలాగండీ?"

"అలాగేనండి, ఆయ్," అన్నది కాంతమ్మ.

ఆ రాత్రి ఆమెకు ఒకటే ఆలోచన. శారోన్‌కు కూడా ఇదే ఆఖరు ఏడు. పరీక్షలు కాగానే పై చదువులకు విశాఖపట్నం వెళ్ళిపోతుంది. మూడేళ్ళు చెవితో పెంచుకున్న ఆ ఆటను, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కంటితో చూడాలి. జీవితంలో ఆమె ఏదైనా కావాలని కోరుకుని చాలా కాలమైంది. కోరుకోవడం తనకింకా వచ్చునని తెలిసి భయపడింది కూడా.

మొదటి రెండు రోజులూ ఆ కోరిక తీరలేదు. జట్లకు మంచినీళ్ళు, అరటిపళ్ళు అందించే పని ఆమెపై పడింది. అమలాపురం పిల్లలు మొదటినాడు రాజమహేంద్రవరం జట్టును, రెండవనాడు భీమవరం జట్టును ఇంటికి పంపిన సంగతి ఆమె వంటగది కిటికీలోంచే విన్నది. మూడవనాడు, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఫైనలు. ఎదుట కాకినాడ జట్టు. కాంతమ్మ నీలంరంగు వెంకటగిరి చీర కట్టుకుని, ముందు వరసలో కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కోర్టు గీతలకు ఆ ఉదయమే మళ్ళీ సున్నం పూసినది ఆమె చేతులే. ఆ తెల్లగీతల నడుమ ఏమి జరుగుతుందో ఆ చేతులకు ఇంతకాలం తెలియదు.

ఈల మోగింది. బంతి గాలిలోకి లేచింది.

మొదటి నాలుగు నిమిషాలు ఆమెకు ఏమీ బోధపడలేదు. ఇన్ని కాళ్ళు, ఇంత పరుగు, ఇంత చెమట ఆ చప్పుళ్ళ వెనుక ఉన్నాయని ఆమె ఊహించలేదు. క్రమంగా కళ్ళు కుదుటపడ్డాయి. శారోన్‌ను చూసింది. బంతి వేసే ముందు ఆ పిల్ల నాలుక కొన పళ్ళ మధ్య బిగపట్టుకుంటుందని చూసింది. ఎడమకాలు కాస్త బయటికి పెడుతుందని చూసింది. రెండు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ, ఆ నిశ్శబ్దం. అంతకాలం నిశ్శబ్దమనుకున్నచోట ఒక అమ్మాయి ఒళ్ళంతా వింటినారిలా సాగి నిలుస్తుందని ఆమెకు అప్పుడు తెలిసింది. కళ్ళు చెమర్చాయి.

ఇంకొకటి కూడా చూసింది. బంతి వలలో పడగానే శారోన్ జట్టువైపు చూడదు, జనంవైపు చూడదు. ఒక్క క్షణం బోర్డువైపు చూస్తుంది. పాతబోర్డువైపు కాదు, పక్కనున్న కొత్తదానివైపు. అయినా అది అదే తూర్పు దిక్కు. శారోన్ ఒక్కతే కాదు, కాకినాడ పిల్లలూ అంతే. పాయింటు పడగానే పదిమందీ అటే తల తిప్పుతున్నారు. పందొమ్మిదేళ్ళపాటు ఇన్ని కళ్ళు తనవైపే తిరిగాయన్నమాట. అవతల చెక్క, ఇవతల తాను.

రెండవ క్వార్టరు సగమయ్యేసరికి ఎండ పడమటికి వాలింది. వాలిన ఎండ నేరుగా కొత్తబోర్డు ముఖం మీద పడింది. ఎర్రటి అంకెలు గులాబీ రంగుకు తిరిగి, వెలవెలబోయి, ఆఖరికి కనబడడమే మానేశాయి. ఉదయం వెలుతురులో ఆడిన ఆటలప్పుడు ఎవరికీ తట్టని సంగతి ఇది. బోర్డు పడమర చూస్తోందని, ఫైనలు సాయంత్రమని, ఈ రెంటినీ కలిపి ఎవరూ ఆలోచించలేదు.

"స్కోరెంతండీ బాబూ?" అని గోడమీంచి ఒక కేక.

"అది బోర్డా, మా తాతగారి కళ్ళజోడా? ఏం అగపడి చావదే!"

"కాంతమ్మగారిని పిలవండయ్యా! ఆవిడకి కరెంటక్కర్లేదు, ఎండక్కర్లేదు!"

నవ్వులు. విరామానికి ఈల వేసేసరికి స్కోరు కాకినాడ ఇరవై నాలుగు, అమలాపురం ఇరవై రెండు అని మైకులో చెప్పవలసివచ్చింది. అనిల్ కుమార్ చెమట తుడుచుకుంటూ కాంతమ్మ కుర్చీ దగ్గరకు వచ్చాడు.

"మిమ్మల్ని లేపడం నాకిష్టం లేదండీ," అన్నాడు. "ఆడేవాళ్ళకి స్కోరు కనపడకపోతే కష్టం. మైకులో చెప్తే గోలలో వినపడట్లేదు. ఇంకెవరినైనా పంపుదామంటే, ఆ గంటల సంగతి మీకూ ప్రసాదుగారికీ తప్ప తెలీదు."

స్కోరు రాసే గుమాస్తా నాగదుర్గాప్రసాద్ బల్ల దగ్గర నుంచే అన్నాడు: "కూచోనివ్వండి సార్ పాపం, ఇవేళ కొత్త చీర కూడా కట్టేరు!"

కాంతమ్మ కోర్టువైపు చూసింది. శారోన్ నీళ్ళు తాగుతూ, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని, వెలిసిపోయిన ఆ ఎర్రబోర్డువైపు చూస్తోంది. చూసి, ఏమీ కనిపించక చెయ్యి దించేసింది.

మొదటినుంచి చివరిదాకా చూడాలన్న కోరిక సగంలో ఉంది. మిగిలిన సగాన్ని కాంతమ్మ కుర్చీలోనే వదిలి లేచింది.

"తాళ్ళు స్టోరు గదిలో ఉన్నాయండి. తెస్తాను," అన్నది.

విరామం ముగిసేలోగా ఆమె కుర్చీల కిందుగా వంగి వంగి తాళ్ళు లాగింది. గంటలు కట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి బల్లెక్కింది. రెండు, రెండు, రెండు, నాలుగు. నాలుగు కిటికీలూ మూసుకున్నాయి. మేకుల తలలు. కాలువ మీదుగా వచ్చే చల్లగాలి. అవతల "హమ్మయ్య!" అని వందలమంది ఒక్కసారి నిట్టూర్చినట్టు వినిపించింది. దాని వెంటనే చప్పట్లు. ఆ చప్పట్లు తనకేనేమోనన్న ఊహ వచ్చి ఆమె సిగ్గుపడింది.

ఆ రెండవ సగంలాంటి ఆటను ఆమె ఎన్నడూ వినలేదు. పెద్ద గంట రెండు మోతలు, వెంటనే చిన్న గంట రెండు. మళ్ళీ పెద్దది మూడు. రేకు తీసి రేకు పెట్టేలోపల మరొక గంట. జనం కేక ఒకచోట ఆగదు, ఈ అంచు నుండి ఆ అంచుకు కెరటంలా పోతుంది. ఇదివరకైతే ఆ కేకలు ఆమెకు కేకలే. ఇప్పుడు ప్రతి చప్పుడుకూ ఒక రూపం ఉంది. రెండు పొట్టి, ఒకటి పొడుగు. నాలుక కొన పళ్ళ మధ్య. ఎడమకాలు కాస్త బయటికి. సగం ఆట చూడడం వల్ల మేలు జరిగిందో కీడు జరిగిందో ఆమెకు తెలియలేదు. కళ్ళు ఒకసారి చూసినదాన్ని చెవులు ఊరికే వినలేకపోతున్నాయి.

నాలుగవ క్వార్టరు చివరికి వచ్చింది. బోర్డు మీద అమలాపురం నలభై ఏడు, కాకినాడ నలభై ఎనిమిది.

"తొమ్మిది సెకన్లండీ! తొమ్మిదే!" మైకు గొంతు చీలిపోతోంది. "బంతి శారోన్ చేతికి... కుడిమూలకి వస్తున్నారు..."

ఆ పైమాటలు కేకలో మునిగిపోయాయి. ఆ కేక అడుగునుంచి కాంతమ్మ వెతికి పట్టుకున్నది. పొట్టి దెబ్బ. పొట్టి దెబ్బ. పొడుగు దెబ్బ. ఊపిరి. ఆ ఊపిరి ఆమె కూడా బిగబట్టింది.

పట్టుచీర మడత విప్పినట్టు వల సవ్వడి చేసింది.

దానితో కలిసే ఈల మోగింది. ఆట ముగిసిన ఈల అనుకుంది కాంతమ్మ. నిజానికి ఏమీ అనుకోలేదు. పందొమ్మిదేళ్ళలో తొలిసారి ఆమె చెయ్యి ఆమెకంటె ముందు కదిలింది. ఏడు రేకు తీసింది. తొమ్మిది రేకు తగిలించింది.

నలభై తొమ్మిది, నలభై ఎనిమిది.

భూమి బద్దలైనట్టు జనం లేచారు. కుర్చీలు పడ్డ చప్పుడు. ఆడపిల్లల కేరింతలు, పరుగులు, ఎవరినో ఎత్తుకున్న అరుపులు. గోడమీంచి డప్పు. కాంతమ్మ బోర్డు చెక్కకు నుదురు ఆనించి నవ్వుతోంది. నవ్వుతూనే ఉండగా, ఏదో ఒకటి రావలసినది రాలేదని ఆమె చెవి చెప్పింది.

గంట మోగలేదు.

ఆమె తల తిప్పి చూసింది. పెద్ద గంట కొబ్బరితాడు కొసన కదలకుండా వేలాడుతోంది.

అవతల సందడి మూతపెట్టినట్టు అణిగింది. రిఫరీ గొంతు, దాని మీద మరొక గొంతు, అనిల్ కుమార్ గొంతు. తరువాత మైకు, ఈసారి నెమ్మదిగా: "వెనక హద్దు లైను తొక్కేరండీ. షాటు వేయకముందే కాలు లైను మీద పడింది. బాస్కెట్ చెల్లదు. రెండు సెకన్లున్నాయి. బంతి కాకినాడదండీ."

అవతలిపక్కనుంచి ఎవరో అరిచారు: "ఏవండీ అమలాపురం! కోర్టులో ఆడతారా, బోర్డు మీద ఆడతారా?"

సిమెంటు నేల మీద, సున్నపు గీత మీద పాదం పడితే చప్పుడు కాదు. బంతికి చప్పుడుంది, వలకు చప్పుడుంది, గంటకు ఉంది. గీతకు లేదు. అది కన్ను ఒక్కటే చూడగలిగినది. ముందువరస కుర్చీలో కూర్చుని ఉంటే, ఎడమకాలు బయటికి పెట్టే ఆ అలవాటును చూసిన ఆ కళ్ళు, ఆ పాదాన్నీ చూసి ఉండేవి.

కాంతమ్మ తొమ్మిది రేకు తీసింది. తీసినప్పుడు కిటికీ ఒక్క క్షణం ఖాళీ అయింది. ఆ చదరంలోంచి ఆమెకు కోర్టు కనబడింది. నడుమ శారోన్ నిలబడి ఇటే చూస్తోంది. ఏడు రేకు తగిలించి ఆమె ఆ కిటికీని మూసింది.

రెండు సెకన్లు రెండు సెకన్లలాగే గడిచాయి.

ఆ తరువాత కాసేపటికి బోర్డు వెనుకకు ఎవరో వచ్చారు. శారోన్. ఏడవడానికి మనుషులు లేని చోటు వెతుక్కుంటూ వచ్చిందని ఆ ముఖమే చెబుతోంది. బల్ల మీద కూర్చున్న కాంతమ్మను చూసి ఆగిపోయింది.

"ఎందుకు పెట్టేరండీ?" అన్నది. "నాకు తెలుసు కాలు పడిందని. తగిలినట్టే అనిపించింది. బోర్డు చూసేను. తొమ్మిదుంది. అయితే పడలేదన్నమాట అనుకున్నాను. మా నాన్నగారు కూడా లేచి నిలబడిపోయేరు. ఎందుకు పెట్టేరు పిన్నిగారూ?"

కాంతమ్మ సీసాలో నీళ్ళు అందించింది. శారోన్ తీసుకోలేదు. చెయ్యి మాత్రం బోర్డు చెక్క మీద పెట్టింది. మూసిన కిటికీలను, మేకుల తలలను, వేలాడే గంటలను ఒక్కొక్కటే చూసింది.

"ఇక్కణ్ణించి ఏం కనపడదాండీ?"

"కనపడదు తల్లీ."

"మరి... ఇన్నాళ్ళూ?"

"ఎప్పుడూ అంతేనమ్మా. గంట మోగితే పెడతాను."

"ఇందాక మోగిందాండీ?"

"లేదమ్మా. నీ చప్పుడు విని పెట్టేసేను."

కాలువలో పడవ మోటారు ఒకటి దగ్గరకు వచ్చి దూరమైంది.

"మూడేళ్ళనించీ," అన్నది శారోన్, "నేను వేసిన ప్రతిదీ మీరు చూస్తున్నారనుకున్నానండీ. పడగానే బోర్డు చూసేది అందుకే. పొద్దున్న కూడా మీరెక్కడో నించుని చూస్తున్నారనుకునేదాన్ని."

అవతల మైకులో రెండవ బహుమతికి పేర్లు పిలుస్తున్నారు. శారోన్ పేరు రెండుసార్లు పిలిచారు. ఆ పిల్ల ముఖం తుడుచుకుంది. అప్పుడు నీళ్ళ సీసా తీసుకుని ఒక్క గుక్క తాగి, మూత బిగించి, తిరిగి కాంతమ్మ చేతిలో పెట్టింది. "వెళ్ళొస్తానండీ," అని, వచ్చినదారినే వెళ్ళిపోయింది.

నాగదుర్గాప్రసాద్ తాళ్ళు చుట్టుకుంటూ వచ్చాడు. "పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క రిమార్కు లేదు కాంతమ్మగారూ! దాచి దాచి ఫైనల్లో కొట్టేరు," అన్నాడు. హాస్యమాడాలనే అన్నాడు. ఆమె ముఖం చూసి, తాడు బల్ల మీద పెట్టి మెల్లగా జారుకున్నాడు. అనిల్ కుమార్ వచ్చి, "నాదేనండీ తప్పు, మిమ్మల్ని లేపకుండా ఉండాల్సింది," అన్నాడు. "మీదేం లేదండి," అన్నది కాంతమ్మ. ఎవరిదో ఒకరిదైతే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

మరునాడు శనివారం. తెల్లవారి ఆరింటికి ఆమె చీపురు పట్టుకుని వరండాలో నిలబడి విన్నది. కాలువ అవతల కోకిల ఒకటి. రోడ్డు మీద పాల మోటారుసైకిలు. కోర్టువైపునుంచి ఏమీ రాలేదు. శారోన్ రాత్రే తండ్రితో రాజోలు వెళ్ళిందని హాస్టలు వంటమనిషి చెప్పింది. పరీక్షలకు వస్తుందట.

కాంతమ్మ వరండా వదిలి, సైన్సు భవనం చుట్టు తిరిగి కోర్టులోకి వచ్చింది. కాగితపు గ్లాసులు, వేరుశనగ తొక్కలు, తెగిన తోరణాలు. ముందు వరసలో ఆమె కుర్చీ ఇంకా అక్కడే ఉంది. కుడిమూలకు వెళ్ళి వంగి చూసింది. జిగురు కలపని సున్నం కావడంచేత తెల్లగీత మీద ఒకచోట నెలవంక మేర రాలిపోయి సిమెంటు బయటపడింది. ఎడమ బూటు అంచు. వేలెడు కూడా లేదు.

ఆమె చెప్పు విడిచి, తన ఎడమపాదాన్ని ఆ నెలవంక మీద మోపింది. తల వంచి విన్నది. ఏమీ వినబడలేదు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ మోపింది.

ఆ తరువాత ఊడ్చింది. కోర్టంతా ఊడ్చింది, ఆ మూల మాత్రం చీపురు పెట్టలేదు. ఊడ్చి, ముందు వరసలోని తన కుర్చీలో కూర్చుంది. ఎండ ఈసారి తూర్పు నుంచి, బోర్డు వెనుక నుంచి వస్తోంది. తెరిచిన నాలుగు కిటికీలలోంచి నాలుగు వెలుగు చదరాలు కోర్టు మీద పడ్డాయి. అవి జరుగుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. ఒకటి మెల్లగా కుడిమూల గీతదాకా వచ్చి, నెలవంకను తాకి, దాటింది.

ఆ ఉదయం కళాశాలలో మొదటి గంట నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఎందుకని ఎవరూ ఆమెను అడగలేదు.